ఎస్‌జీపీటీ 64 అయితే భయం, 25 అయితే ధైర్యమా?

లివర్ టెస్టులో ఎస్‌జీపీటీయో మరొకటో, ఏదో ఒక అంకె బోల్డ్‌లో వస్తుంది. డాక్టరు గారు ఒక లివర్ టానిక్ రాసి, "నెల వాడి మళ్లీ టెస్టు చేయించుకుని రండి" అంటారు. నెల తర్వాత అంకె కాస్త తగ్గితే టానిక్ పనిచేసిందని, తగ్గకపోతే ఇంకో సీసా కావాలని తేలుస్తారు. ఒడిశాలోని మా రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో ఏళ్లుగా ఇదే నడుస్తోంది. సరిహద్దు దాటి పార్వతీపురం, పాతపట్నం వెళ్లినా పెద్ద తేడా కనిపించదు. ఇది వైద్యం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అంకె ఎందుకు పెరిగిందో ఎవరూ అడగకుండానే రోగి రెండుసార్లు రక్తం ఇచ్చి, రెండుసార్లు డబ్బు కట్టి, నెలంతా టెన్షన్ పడతాడు. కారణం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నేను ఇక్కడ జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరకొచ్చేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లు, మిగతావాళ్లు ఒడియావాళ్లు, కొండల మీంచి దిగొచ్చే కోంధులు, సవరలు. లివర్ రిపోర్టు పట్టుకొచ్చేవాళ్లలో లివర్ జబ్బుతో వచ్చేవాళ్లు తక్కువ. షుగరు చెకప్‌కని, ఆపరేషన్‌కి ముందని, క్యాంపులో ఉచితంగా చేశారని, ప్యాకేజీలో కలిసొచ్చిందని చేయించుకున్నవాళ్లే ఎక్కువ. ఏ బాధా లేని మనిషికి టెస్టు చేసి ఒక అంకె ఎక్కువుందని చెప్పాక ఆ అంకెకు అర్థం చెప్పే బాధ్యత కూడా మనదే.

ల్యాబు వాళ్లు వేసే హద్దులు ఎక్కడి నుంచి వస్తాయో ముందు చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం పరీక్షించి, వందలో మధ్యనున్న 95 మందికి వచ్చిన అంకెలను నార్మల్ అంటారు. అంటే ఏ జబ్బూ లేకున్నా ప్రతి పరీక్షలో వందకు ఐదుగురు గీత దాటతారు. లివర్ ప్యానెల్లో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ప్రొటీన్, లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అంటూ ఏడెనిమిది అంకెలుంటాయి. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివే అయితే, దాదాపు మూడింట ఒకరికి ఏదో ఒకటి గీత దాటాలి. బ్రిటన్‌లో ఇలా ప్రాథమిక వైద్యం దగ్గర లివర్ టెస్టు తేడాగా వచ్చిన సుమారు 1,290 మందిని వరుసగా గమనించారు. ప్రత్యేకంగా పేరు పెట్టగలిగిన లివర్ జబ్బు బయటపడింది వాళ్లలో నూటికి ఐదుగురి కంటే తక్కువ మందికే. ఫ్యాటీ లివర్ (లివర్లో కొవ్వు పేరుకోవడం), మద్యం లెక్క వేరు. అవి చాలామందిలో కనిపించాయి.

దీన్నిబట్టి పట్టించుకోనక్కర్లేదని అనుకుంటే పొరపాటే. బ్రిటిష్ మార్గదర్శకాల్లోనే ఇంకో మాటుంది. ఒకసారి తేడా వచ్చిన టెస్టును నెల తర్వాత మళ్లీ చేస్తే నూటికి 84 సందర్భాల్లో తేడాగానే వస్తుంది, రెండేళ్ల తర్వాత చేసినా 75 సందర్భాల్లో అలాగే ఉంటుంది. ఊరికే అదే టెస్టు మళ్లీ చేయించొద్దని, మొదటిసారే కారణం వెతకమని వాళ్లు చెప్పింది అందుకే. జ్వరంలో చేసిన టెస్టో, నాలుగు రోజులు ఏదో మందు వాడినప్పుడు చేసిందో అయితే తర్వాత మళ్లీ చూడటంలో అర్థం ఉంది. కారణమేదీ వెతక్కుండా నెల ఆగమనడంలో మాత్రం అర్థం లేదు.

ఇద్దరి రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదటాయన కిరాణా కొట్టు నడుపుతాడు. వయసు 46. ఎస్‌జీపీటీ 64, ఎస్‌జీఓటీ 44, రెండూ బోల్డ్‌లోనే ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1 (తొలి దశ) ఫ్యాటీ లివర్ అన్నారు. అప్పటికే రెండు చోట్ల చూపించుకుని రెండు టానిక్‌లు, లివర్‌కని ఇచ్చే ఒక సిలిమరిన్ మాత్ర, ఇంకేదో విటమిన్ వాడుతున్నాడు. కుర్చీలో కూర్చోకముందే, "బాబూ, నా లివరు పాడైపోనాదంట, ఇంకెన్నాళ్లు?" అన్నాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదట. వేపుళ్లు మానేశాడు, ఉప్పు మానేశాడు, చప్పిడి పథ్యం చేస్తున్నాడు. ఆ పథ్యంలో అన్నం మాత్రం మూడు పూటలా కడుపునిండా తింటున్నాడు.

రెండో ఆయన వయసు 58. ఒకప్పుడు లారీ నడిపేవాడు. ఎస్‌జీపీటీ 25, ఎస్‌జీఓటీ 38, బిలిరుబిన్ 1.1. ఏ అంకె పక్కనా ఎక్కువన్న గుర్తు లేదు. లివర్ బాగుందని చెప్పి పంపేశారు. ఆయన భార్య అడిగింది: "లివరు మంచిదే అన్నారు కద బాబూ, మరి సాయంత్రానికి కాళ్లకు నీరెందుకొస్తాది?"

ఆమె అడిగిందే అసలైన ప్రశ్న. ఆ రిపోర్టులోనే కింద ఆల్బుమిన్ 3.1 అని ఉంది, పక్కన తక్కువని చిన్న గుర్తు కూడా ఉంది. అందరూ పెరిగిన అంకె కోసమే చూస్తారు గనక తగ్గిన అంకె ఎవరి కంటా పడలేదు. వేరే పేజీలో సీబీసీ (రక్తకణాల లెక్క) ఉంది, అందులో ప్లేట్‌లెట్లు తక్కువగా, 1 లక్షా 10 వేలే. లివర్ కాగితం చూసినవాళ్లు రక్తం కాగితం తిప్పి చూడలేదు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి కణాల్లో ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. లివర్ ఎంత పని చేస్తోందో అవి చెప్పవు. ఆ సంగతి చెప్పేవి ఆల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్‌ఆర్. ఏళ్ల తరబడి దెబ్బతిని గట్టిపడిపోయిన లివర్లో కారడానికి మిగిలిన కణాలే తక్కువ. అందుకే సిర్రోసిస్, అంటే ఇలా గట్టిపడిన లివర్, ఉన్న మనిషికి ఎస్‌జీపీటీ నార్మల్‌గా రావచ్చు. లివర్ గట్టిపడితే దానిలోకి వచ్చే రక్తం వెనక్కి తన్ని స్ప్లీన్ (ప్లీహం) ఉబ్బుతుంది. మనవాళ్లు కడుపులో బల్ల అనేది దాన్నే. ఉబ్బిన స్ప్లీన్‌లో ప్లేట్‌లెట్లు చిక్కుకుపోతాయి. కాబట్టి లివర్ సంగతి తెలియాలంటే ప్లేట్‌లెట్ల వైపు కూడా చూడాలి.

వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు కలిపి, లివర్ ఎంత గట్టిపడిందో అంచనా కట్టడానికి వేసే ఒక లెక్కుంది, పేరు ఫిబ్-4. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి. ఫోన్‌లో అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. కొట్టాయనకు ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు. 46ను 44తో గుణిస్తే 2024. 64కు వర్గమూలం 8, దాన్ని 250తో గుణిస్తే 2000. లెక్క 1.01 వచ్చింది. 1.3 లోపుంటే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం చాలా తక్కువ. డ్రైవరు గారికి 58ని 38తో గుణిస్తే 2204. 25కు వర్గమూలం 5, దాన్ని 110తో గుణిస్తే 550. లెక్క 4 దగ్గరికి వచ్చింది. 2.67 దాటితే గట్టిగా పట్టించుకోవాలంటారు.

కొట్టాయన భయపడుతూ వచ్చాడు, డ్రైవరు గారిని ధైర్యం చెప్పి పంపారు. నిజానికి జరగాల్సింది తలకిందులుగా. విశాఖలో ఎండోస్కోపీ చేస్తే డ్రైవరు గారి అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయని తేలింది. అవి పగిలితే రక్తపు వాంతులవుతాయి, ప్రాణం మీదకొస్తుంది. పగలకముందే బ్యాండ్ వేయవచ్చు, మాత్రలతో ఒత్తిడి తగ్గించవచ్చు. ఇక ఆయనకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు, సిర్రోసిస్ ఉన్న లివర్లో క్యాన్సర్ పుడితే చిన్నగా ఉన్నప్పుడే కనిపెట్టాలి గనక. ఇదంతా "లివర్ బాగుంది" అన్న ఒక్క మాట వెనక దాక్కుని ఉంది.

ఫిబ్-4ను గుడ్డిగా నమ్మమని మాత్రం నేను చెప్పడం లేదు. ముఖ్యంగా మా ప్రాంతంలో. డెంగీలోనూ మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, డెంగీలో ఎస్‌జీఓటీ కూడా పెరుగుతుంది. జ్వరం ఉన్నప్పుడు ఈ లెక్క వేస్తే ఆరోగ్యవంతుడికి కూడా సిర్రోసిస్ ఉన్నట్టు చూపిస్తుంది. మళ్లీ మళ్లీ మలేరియా వచ్చి బల్ల పెరిగినవాళ్లకూ, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగి విరిగిపోయే పుట్టుజబ్బు) ఉన్నవాళ్లకూ ఇది తప్పుదారి పట్టిస్తుంది. 35 ఏళ్ల లోపు వాళ్లలో దీన్ని నమ్మలేం, 65 దాటినవాళ్లకు 1.3 బదులు 2 హద్దుగా పెట్టుకోవాలి. లెక్క ఎక్కువొస్తే తీర్పు అయిపోయినట్టు కాదు, తర్వాతి పరీక్షకు, అంటే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌కు, పంపాలని అర్థం.

కొట్టాయన విషయానికొస్తే ఆయనకు టానిక్ అక్కర్లేదు. సిలిమరిన్ మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరిగినా అది మనిషి ఆయుష్షు పెంచినట్టు గట్టి ఆధారం లేదు. నడుం చుట్టుకొలత చూశాను. మన జాతుల వాళ్లకు మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే ఎక్కువ. ఆయనది బాగా దాటింది. షుగరు అప్పుడే మొదలవుతోంది. ఉన్న బరువులో నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గితే లివర్లో కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి ఆరు నుంచి ఎనిమిది కిలోలన్నమాట. ఉప్పు, కారం మానడంతో ఆ పని జరగదు. అన్నం తగ్గించి, పప్పూ కూరా పెంచి, కొట్లో కూర్చునే మనిషి రోజూ ముప్పావుగంట నడవాలి. 2021లో మన కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను షుగరు, బీపీ, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో కలిపింది, ఎందుకంటే వీటన్నిటికీ వేరు ఒకటే. ఇలాంటి మనిషి ప్రాణానికి లివర్ కంటే గుండె నుంచే ఎక్కువ ముప్పు. నాకు బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఎస్‌జీపీటీ 60 వచ్చిందని షుగరు రోగులకు కొలెస్ట్రాల్ మాత్రలు ఆపేస్తున్నారు. హద్దుకు మూడు రెట్లు దాటనంత వరకు ఆపాల్సిన పనిలేదు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు అవి నిరపాయమే, పైగా అవసరం కూడా. అంకెకు భయపడి గుండెకు కాపలా తీసేస్తున్నారు.

బిలిరుబిన్ సంగతి మా ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

కళ్లు పచ్చబడితే లివర్ జబ్బే అన్నది నాటుకుపోయిన నమ్మకం. బిలిరుబిన్ ఒక్కటే పెరిగి ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగా ఉంటే, ముందు డైరెక్ట్ (లివర్ మార్చేసినది) ఎంత, ఇన్‌డైరెక్ట్ (లివర్ ఇంకా మార్చనిది) ఎంత అని చూడాలి. ఇన్‌డైరెక్ట్ ఎక్కువుంటే లివర్ మీద అనుమానం తగ్గించుకుని రక్తం వైపు తిరగాలి. ఎర్రకణాలు త్వరగా విరిగిపోతుంటే బిలిరుబిన్ పెరుగుతుంది. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో దీనికి కారణాలు కావలసినన్ని: సికిల్ సెల్, మలేరియా, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ అనే మలేరియా మాత్ర ఇవ్వడం. కొండ ఊళ్ల నుంచి వచ్చే పదిహేనేళ్ల పిల్లకు ఏటా రెండుసార్లు కామెర్లు, ఒళ్లునొప్పులు, రక్తం తక్కువ. ప్రతిసారీ కామెర్ల పసరు పోయిస్తారు. అక్కడ చేయాల్సింది సికిల్ సెల్‌ను పట్టే రక్తపరీక్ష, అంటే హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ. సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష ఉంది, హైడ్రాక్సీయూరియా మాత్ర ఉంది. పచ్చటి కళ్లను లివర్ ఖాతాలో వేసినంత కాలం ఆ పిల్ల ఆ దారికి చేరదు. ఇంకో చిక్కు కూడా ఉంది. సికిల్ సెల్ ఉన్నవాళ్ల పిత్తాశయంలో చిన్న వయసులోనే రాళ్లు ఏర్పడతాయి. రాయి జారి నాళంలో ఇరుక్కుంటే అప్పుడు డైరెక్ట్ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతాయి, కుడివైపు పక్కటెముకల కింద నొప్పొస్తుంది. ఆ కామెర్లకు పసరూ కాదు, మాత్రా కాదు, రాయి తీయాలి.

ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగినా ఏ హానీ లేని మనుషులూ చాలామందే ఉన్నారు. దాన్ని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారు. పుట్టుకతో వచ్చే లక్షణం, జబ్బు కాదు. ఆకలితో ఉన్నప్పుడు, జ్వరంలో, నిద్ర లేనప్పుడు బిలిరుబిన్ రెండు, రెండున్నర దాకా వెళ్లి మళ్లీ దిగుతుంది. అయ్యప్ప మాల వేసుకుని ఒంటిపూట భోజనం చేస్తున్న కుర్రాళ్లు కళ్లు పచ్చగా ఉన్నాయని కంగారుగా వస్తారు. హీమోగ్లోబిన్, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) మామూలుగా ఉండి, మిగతా లివర్ అంకెలు సరిగ్గా ఉంటే, ఇది నీతో పుట్టింది, దీనివల్ల నీకేం కాదని చెప్పి, ఆ మాట కాగితం మీద రాసివ్వాలి. రాసివ్వకపోతే వచ్చే ఏడు ఇంకో డాక్టరు దగ్గర మళ్లీ మొదటికొస్తుంది. పెళ్లి సంబంధాల్లో కూడా ఆ కాగితం పనికొస్తుంది.

పసరు గురించి మాట్లాడకుండా ఈ వ్యాసం ముందుకు పోదు. మణికట్టు మీద వాత పెట్టడం, ముక్కులోనూ కళ్లలోనూ పసరు పిండటం, వారం రోజుల పథ్యం ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, చాలావరకు హెపటైటిస్ ఇ, ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. అలా తగ్గినప్పుడు పేరు పసరుకు దక్కుతుంది. టానిక్‌కు పేరొచ్చేదీ ఇలాగే, కాకపోతే దాని మీద లేబుల్ ఉంటుంది. పసరు పోసే పెద్దల మీద నాకు కోపం లేదు. వాళ్లు చాలామంది డబ్బు కూడా తీసుకోరు. నేను వాళ్లను బతిమాలి చెప్పేది ఒకటే: గర్భిణికి కామెర్లొస్తే ఒక్క పూట కూడా ఉంచుకోవద్దు. హెపటైటిస్ ఇ నెలలు నిండే గర్భిణిలో ఎంత ప్రమాదమంటే, ఆఖరి మూడు నెలల్లో వస్తే ఐదుగురిలో ఒకరి వరకు చనిపోవచ్చు. అరచేతులు, అరికాళ్లు రాత్రుళ్లు విపరీతంగా దురద పెడుతున్నాయన్నా ఆ గర్భిణికి లివర్ పరీక్ష చేయాలి.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటే పెరిగితే అది లివర్‌దా ఎముకలదా అని ముందు తేల్చుకోవాలి. ఎదిగే పిల్లల్లో, విరిగిన ఎముక అతుక్కుంటున్నప్పుడు, డి విటమిన్ లోపంలో, నెలలు నిండిన గర్భిణిలో అది మామూలుగానే పెరుగుతుంది. జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము కూడా పెరిగితే లివర్ వైపు, పెరగకపోతే ఎముకల వైపు చూడాలి. ఎస్‌జీఓటీ ఒక్కటే పెరిగితే కండరాల నుంచి వచ్చిందేమో చూడాలి. ముందురోజు బస్తాలు మోసిన కూలీ, జిమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అంటే కండరాల ఎంజైమును కొలిచే సీపీకే పరీక్ష చాలు.

మందుల గురించి అడిగేటప్పుడు మాత్రం నేను తొందరపడను. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే "లేదు బాబూ" అంటారు. బీపీ మాత్ర మందు కాదు వాళ్ల దృష్టిలో, అది రోజువారీ అలవాటు. అందుకే ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. మోకాళ్ల నొప్పికి ఏం వాడుతున్నారు, షుగరుకు ఏ చూర్ణం తాగుతున్నారు, పొద్దున్నే ఏ కషాయం, తిప్పతీగ తీసుకుంటున్నారా. కరోనా రోజుల్లో తిప్పతీగ రసం ఇంటింటా తాగారు. దాని తర్వాత లివర్ దెబ్బతిన్న రోగుల గురించి ముంబై డాక్టర్లు 2021లోనే రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. నా మట్టుకు నేను, ఎస్‌జీపీటీ పెరిగిన మనిషి తిప్పతీగ తాగుతున్నాడంటే వెంటనే ఆపించి చూస్తాను. "ఆయుర్వేదమే కదా, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అన్న మాట వినీ వినీ విసుగొచ్చింది. పనిచేసే ఏ పదార్థానికైనా దుష్ఫలితం ఉండే అవకాశం ఉంటుంది.

టీబీ మందులది ఇంకా సున్నితమైన వ్యవహారం. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ను దెబ్బతీయగలవు. వాంతులు, అన్నం సయించకపోవడం, కామెర్లలాంటి లక్షణాలుండి ఎస్‌జీపీటీ హద్దుకు మూడు రెట్లు దాటినా, లక్షణాలేవీ లేకపోయినా ఐదు రెట్లు దాటినా మందులు ఆపి, తర్వాత ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టాలి. ఆపేదీ, మొదలుపెట్టేదీ టీబీ కేంద్రం డాక్టరే చేయాలి. సొంతంగా ఆపేస్తే టీబీ మొండికేస్తుంది, కళ్లు పచ్చబడ్డాక కూడా మింగుతూ పోతే ప్రాణం పోవచ్చు. ఏ మందు వల్లనైనా సరే, ఎస్‌జీపీటీ మూడు రెట్లు, దానితో పాటు బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే పదిమందిలో ఒకరికి ప్రాణాపాయమని హైమన్ జిమ్మర్‌మన్ అనే డాక్టరు దశాబ్దాల క్రితమే గుర్తించాడు. ఆ హెచ్చరిక ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక తాగుడు. "మందు తాగుతావా?" అని పదిమంది ముందు అడిగితే నిజం రాదు. ఇక్కడ జీలుగు కల్లు, ఇప్పసారా, రాగులతో చేసే లందా ఇంటి వ్యవహారాలు. పండక్కీ, పెళ్లికీ, చావుకీ ఉంటాయి. కొండల్లో వాటిని తాగుడు కిందే లెక్కేయరు. బజారులో ఉండే తెలుగువాళ్లేమో పరువుకు భయపడి దాచిపెడతారు. "కల్లు కాలంలో రోజుకు ఎన్ని పూటలు? పనికెళ్లే ముందు కూడానా?" అని మామూలుగా అడిగితే మామూలుగానే చెబుతారు. ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటి, జీజీటీ కూడా పెరిగి ఉంటే నా అనుమానం బలపడుతుంది. అప్పుడు కూడా గద్దించడం నా పని కాదు. ఎంత తాగుతున్నాడో తెలిస్తేనే ఎలా తగ్గించాలో చెప్పగలను. ఏళ్లుగా రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, దానికి కూడా వైద్యం కావాలి.

ఎస్‌జీపీటీ పెరిగిన మనిషికి టానిక్ కంటే ముందు రాయాల్సినవి రెండు పరీక్షలు: హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పేది), హెపటైటిస్ సి యాంటీబాడీ. రెండూ చవకే. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. హెపటైటిస్ సి ఈ రోజుల్లో నయమయ్యే జబ్బు. సిర్రోసిస్ లేని మనిషికి పన్నెండు వారాలు మాత్రలు వేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. హెపటైటిస్ బి పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంచే మాత్రలున్నాయి. ఇంట్లో మిగతావాళ్లకు పరీక్ష చేసి టీకా వేయొచ్చు. పుట్టిన బిడ్డకు 24 గంటల్లో మొదటి టీకా వేస్తే తల్లి నుంచి సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. అయినా ఈ పరీక్ష పేరెత్తగానే "పిల్ల పెళ్లి కావాలి బాబూ, అలాంటి టెస్టులొద్దు" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అందుకే తలుపేసి, ఒక్కరితోనే మాట్లాడతాను. కలిసి తింటే, ఒకే గ్లాసుతో తాగితే ఇది అంటుకోదని చెబుతాను. ఇంజెక్షన్ సూదులు, రక్తం, లైంగిక సంబంధం, కాన్పు ఇవీ దారులు. ఒకే సూదితో పదిమందికి పొడిచే పద్ధతి మా చుట్టుపక్కల పల్లెల్లో పూర్తిగా పోయిందని నేను ధైర్యంగా చెప్పలేను.

ఇదంతా చెబితే నా తోటి డాక్టర్లు అనే మాట ఒకటుంది. "ఓపీలో అరవైమంది కూర్చుని ఉంటారు, ఒక్కొక్కరినీ ఇంత అడిగితే ఎప్పటికి అవుతుంది? టానిక్ వల్ల హాని లేదు కదా, రోగికి ఏదో ఇచ్చామన్న తృప్తి." టైము లేదన్నది నిజమే, నేనూ అదే కుర్చీలో కూర్చుంటాను. కానీ ప్రశ్నలకు పట్టేది నాలుగైదు నిమిషాలు. నెలనెలా మళ్లీ టెస్టులతో తిరిగొచ్చే అదే మనిషికి ఏడాదిలో పట్టే టైము అంతకంటే ఎక్కువ. ఇక హాని లేదన్న మాట నేను ఒప్పుకోను. కూలి డబ్బుతో కొన్న సీసా ఒక హాని. వైద్యం జరుగుతోందన్న భ్రమలో పోయిన నెలలు అంతకంటే పెద్ద హాని. ఆ డ్రైవరు గారింట్లో కూడా అలమర నిండా టానిక్ సీసాలేనట.

అన్నిటికీ పెద్దాసుపత్రికి పంపేయడం కూడా పరిష్కారం కాదు. ఫిబ్-4 తక్కువున్న ఫ్యాటీ లివర్ మనిషిని విశాఖ రైలెక్కిస్తే రెండు రోజుల కూలి, ఛార్జీలు, అక్కడ మళ్లీ అవే టెస్టులు. ఆయన్ని ఇక్కడే చూసుకుంటూ రెండు మూడేళ్లకోసారి లెక్క వేసుకుంటే చాలు, షుగరు ఉంటే ఇంకొంచెం ముందుగా. వెంటనే పంపాల్సినవాళ్లు వేరే ఉన్నారు. కామెర్లతో పాటు మగతగా ఉన్నవాళ్లు, మాట తడబడేవాళ్లు, ఐఎన్‌ఆర్ పెరిగినవాళ్లు, రక్తపు వాంతులు లేదా తారులాంటి నల్లటి విరేచనాలు అయ్యేవాళ్లు, పొట్టలో నీరు చేరినవాళ్లు, చలిజ్వరంతో కుడివైపు నొప్పీ కామెర్లూ ఉన్నవాళ్లు, గర్భిణులు, నొప్పి లేకుండా కామెర్లు పెరుగుతూ బరువు తగ్గిపోతున్న పెద్దవయసు వాళ్లు. వీళ్ల విషయంలో నెల కాదు, ఒక్క రాత్రి కూడా ఆగకూడదు.

పంపేటప్పుడు చీటీలో "లివర్ సమస్య" అని రాసి ఊరుకోవద్దు. ఇక్కడి నుంచి కొందరు కొరాపుట్ మెడికల్ కాలేజీకి వెళ్తారు, కొందరు బరంపురం, ఎక్కువమంది విశాఖ. అక్కడి డాక్టరుకు మన రోగి భాష రాకపోవచ్చు, రోగికి ఆ డాక్టరు భాష రాకపోవచ్చు. అందుకే పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా, వాడిన మందులు చూర్ణాలతో సహా, తాగుడు ఎంత ఉందో, ప్లేట్‌లెట్లు, ఫిబ్-4, హెపటైటిస్ బి, సి ఫలితాలు, సికిల్ సెల్ పరీక్ష చేసిందీ లేనిదీ ఒక పేజీలో రాసిస్తాను. ఒడిశా ఆరోగ్య కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోమంటాను. కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి, రక్తం రిపోర్టును లివర్ రిపోర్టుతో కలిపి పిన్ను కొట్టి ఇస్తాను.